ఖైరున్ ఆపా దస్తీ విప్పమనేది

జనగామ స్టేషన్ రోడ్డులో నా కుట్టు దుకాణం షట్టరు ఎత్తేసరికే పక్కన ఆకురసాల బండి వచ్చి ఉంటుంది. మిక్సీలో తిప్పతీగ తిరుగుతుంటే పచ్చి చేదు వాసన లేస్తుంది. కోసిన గడ్డి, తడిసిన మట్టి కలిసినట్టుండే ఆ వాసన గొంతు వెనక వచ్చి కూర్చుంటుంది. పొద్దుటి నడకకు వచ్చినవాళ్ళు గ్లాసు ఎత్తి, కళ్ళు మూసుకుని తాగేసి, అప్పుడే బలం వచ్చినట్టు మూతి తుడుచుకుని పోతారు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే వేళ్ళ కణుపులు మేల్కొంటాయి. కత్తెర చేతిలోకి తీసుకుంటాను, కింద పెడతాను, మళ్ళీ తీసుకుంటాను. ఒక్క చోట కుదురుగా కూర్చోలేను.

ఈ మధ్య ఆ అలజడికి ఇంకో కారణం తోడైంది. స్వప్న అనే అమ్మాయి జాకెట్టు కొలతలకు వచ్చింది. చెయ్యి చాపమంటే పూర్తిగా చాపలేకపోయింది. కణుపులు ఉబ్బి మెరుస్తున్నాయి. చూడగానే తెలిసింది, నాకున్న జబ్బే. ఆమెకు కొత్తగా మొదలైంది. నేను అడగకముందే సంచిలోంచి పసుపుపచ్చ ప్యాకెట్టు తీసింది. మీద "తొర్రూరు ఆపా వాత చూర్ణం" అని ఉంది. తలమీద కొంగు కప్పుకున్న ఎవరో ముసలమ్మ బొమ్మ ఉంది. ఆ ముఖం నాకు తెలిసిన ఖైరున్ ఆపాది కాదు.

"అక్కా, గీ ఆపా మందుతోనే నీ చేతులు మంచిగైనయట గద. అమ్మేటాయన నీ పేరే చెప్పిండు. నమ్మకం లేకపోతే జనగామల టైలర్ సరోజనను అడుగుపో అన్నడు. రేపటిసంది గోలీలు బంద్ వెట్టి గిది మొదలువెడ్త."

టేపు చుట్టి పక్కన పెట్టాను. ఆపా చనిపోయింది. ఆ మందు తనది కాదని చెప్పడానికి ఆమె లేదు. నేను బతికే ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను. ఖైరున్ ఆపా నాకు ఏ చూర్ణమూ ఇవ్వలేదు. నా జబ్బును ఆమె నయం చెయ్యలేదు, అది ఇప్పటికీ నాతోనే ఉంది. ఆమె నాకు చేసిన మేలు వేరు. దాన్ని ప్యాకెట్టులో పోసి అమ్మడం ఎవరికీ చేతకాదు. నేను చదివింది పదో తరగతి వరకే. ఆ తర్వాతి చదువంతా జనగామ గ్రంథాలయంలో, కాళ్ళు ఊగే ఒక బల్ల ముందు జరిగింది. ఆ చదువు మీద నాకు గర్వం ఉంది, దాచుకోను. ఆ చదువును ఎక్కడ ఆపాలో నేర్పిన మనిషి గురించి రాయడానికి కూడా అదే చదువు పనికొస్తుందని అనుకుంటున్నాను.

తెలంగాణ ఉద్యమం ఊరూరా రగులుతున్న కాలంలో నాకు ఈ జబ్బు వచ్చింది. పొద్దున లేస్తే పిడికిలి బిగియదు, బిగిస్తే తెరుచుకోదు. సూదిలో దారం ఎక్కించాలంటే ఎండ బాగా పొడిచేదాకా ఆగాలి. ఇంట్లో ఉన్నది నేనూ, మా అమ్మా. ఆమెను అవ్వ అనే పిలుస్తాను. నా మిషను ఆగితే పొయ్యి ఆగుతుంది. వరంగల్ దవాఖానలో పరీక్షలు చేసి, ఇది ఒక రకం కీళ్ళవాతమనీ, ఒంట్లోని రక్షణ శక్తి దారి తప్పి సొంత కీళ్ళ మీదే దాడి చేస్తున్నదనీ చెప్పారు. వారానికొకసారి వేసుకోవలసిన గోలీ ఒకటి, రోజూ వేసుకోవలసిన చిన్న తెల్ల గోలీ ఒకటి ఇచ్చారు. తెల్లది స్టిరాయిడ్ అనీ, దాన్ని ఉన్నట్టుండి ఆపొద్దనీ, అప్పుడప్పుడూ రక్తపరీక్షకు రమ్మనీ చెప్పారు. నేను నేరుగా గ్రంథాలయానికి వెళ్ళి మూలికల పుస్తకాలన్నీ బల్ల మీద పేర్చుకున్నాను. తిప్పతీగ రోగనిరోధక శక్తిని పెంచుతుందని ఒక పుస్తకం, అశ్వగంధ అనే పెన్నేరుగడ్డ పెంచుతుందని ఇంకొకటి. జబ్బు ఉంది కాబట్టి శక్తి తగ్గినట్టే, పెంచుకుంటే సరిపోతుంది అని లెక్క తేల్చుకున్నాను. లెక్క ఎంత చక్కగా కుదిరిందంటే, ఆ సాయంత్రం ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చాను.

అవ్వ పుట్టిల్లు తొర్రూరు పక్క పల్లె. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా, అప్పట్లో అందరిదీ ఒకటే వరంగల్ జిల్లా. "మా తొర్రూరు అంగడిల ఖైరున్ ఆపా ఉన్నది, ఆమె చెయ్యి పడితే పోని నొప్పి లేదు" అని అవ్వ నన్ను బస్సెక్కించింది. అంగడి వీధి మొదట్లో ఇరుకైన మూలికల దుకాణం ఆపాది. అత్తారిల్లు ఇచ్చిన వృత్తి. శొంఠి, కరక్కాయ, పిప్పళ్ళు, సునాముఖి ఆకు, అన్నీ రేకు డబ్బాల్లో ఉండేవి. మధ్యలో చిన్న చాప, చాప మీద తెల్లటి గుడ్డ. భారీ మనిషి ఆపా. నోట్లో ఎప్పుడూ వక్క పలుకు, పక్కన రేడియో. బేరం ఆడితే డబ్బా మూత ఠక్కున వేసేది.

అవ్వ నా బాధంతా ఏకరువు పెట్టింది. ఆపా విన్నది, నా వేళ్ళు చూసింది. తర్వాత గుడ్డ మీద అరచేత్తో తట్టింది.

"దస్తీ విప్పు బేటీ."

నాకు అర్థం కాలేదు. పల్లెల నుంచి వచ్చేవాళ్ళు మందులూ మాకులూ దస్తీలో, అంటే చేతిరుమాల్లో, ముడేసుకుని వస్తారు. ఆ ముడి విప్పి, నోట్లోకి పోయేదంతా ఆ తెల్ల గుడ్డ మీద పరిస్తే తప్ప ఆపా డబ్బా మూత తీయదు. డాక్టరు గోలీలు, టానిక్కు సీసాలు, పసర్లు, ఎవరో మంత్రించి ఇచ్చిన విబూది, అన్నీ. ఆమె మామగారు పెట్టిన పద్ధతట అది.

"దస్తీల ఏం లేదు ఆపా," అంది అవ్వ. ఇంగ్లీషు మందులు చూస్తే మూలికలవాళ్ళకు కోపం వస్తుందని, గోలీల పొట్లం రొండిన దోపుకుని కూర్చుంది.

"రొండిల ఉన్నది గద," అంది ఆపా. "తియ్యి. నేనేమన్న కోడలి బంగారం అడుగుతున్ననా?"

దుకాణం ముందు నిలబడ్డ వాళ్ళు నవ్వారు. అవ్వ ముఖం మాడ్చుకుని పొట్లం తీసింది. ఆపాకు ఉర్దూ చదవడం వచ్చు గానీ గోలీల మీది ఇంగ్లీషు అక్షరాలు రావు. నన్ను చదవమంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని రెండు పేర్లూ చదివాను. డాక్టరు ఏం చెప్పాడో అడిగింది. చెప్పాను. వక్క పలుకు బుగ్గకు జరిపింది.

"వావిలాకు నీళ్ళల్ల మసలబెట్టి, వేడివేడిగ బట్ట ముంచి చేతులకు కాపడం పెట్టు. గంతే. నోట్లకు నేనేం ఇయ్య."

"గింత దూరం వచ్చినంక ఆకునీళ్ళా?" అని అవ్వ లేచి నిలబడింది.

"ఈ గోలీలతోని నా మందు కలిస్తే ఏమైతదో మాలూం నై. నాకు తెల్వది. తెల్వంది ఇయ్య."

ఆ మాట అంటూ ఆమె కొంచెం కూడా చిన్నబోలేదు. అప్పటిదాకా నేను చూసిన వైద్యులు గానీ, బడి పంతుళ్ళు గానీ, ఉపన్యాసం ఇచ్చినవాళ్ళు గానీ తెలియదని అనగా వినలేదు. నాకైతే ఆ మాట ఓటమిలా వినిపించింది. అందుకే మరుసటిసారి పుస్తకంతో వెళ్ళాను. గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే యాదగిరి సారును బతిమాలి, బయటికి ఇవ్వని మూలికల పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని తొర్రూరు బస్సెక్కాను. ఆపా ముందు పుట తెరిచి గట్టిగా చదివాను. తిప్పతీగ గుణాలు, పెన్నేరుగడ్డ గుణాలు, రక్షణ శక్తి, అన్నీ. ఆమె శ్రద్ధగా విన్నది, మధ్యలో తల ఊపింది కూడా.

"అచ్ఛా రాసిండు," అంది. "అండ్ల నీ పేరున్నదా?"

"నా పేరెందుకుంటది ఆపా?"

"మరి నీకు ఎట్ల వర్తిస్తది? జొరమొచ్చి లేచినోనికి రాసిండేమో. నీ రోగమేంది, నువ్వే చెప్పినవ్ గద. ఇంటి కుక్క ఇంటోళ్ళనే కరుస్తున్నది. దొంగను కరిచే కుక్కకు పాలన్నం పెడితె మంచిదే. ఇంటోళ్ళను కరిచేదానికి కూడ పెడ్తవా? ఇంకింత బలం రావాల్నా దానికి?"

నేను పుస్తకం మూశాను. రోజుల తరబడి చదివి నేను కుదుర్చుకున్న లెక్క ఒక్క కుక్కతో కూలిపోయింది. ఒళ్ళు మండింది. "మరి తిప్పతీగ చెడ్డదంటవా?" అని గొంతు పెంచాను.

"చెడ్డదని ఎవరన్నరు? అదిగో, డబ్బా నిండ ఉన్నది, అమ్ముత. నీకు అమ్మ. కావాల్నంటె మీ వరంగల్ డాక్టర్ సాబ్ ముంగట పెట్టి అడుగు. ఆయన తిను అంటె అప్పుడు రా. ముఫత్ ఇస్త, పైసలొద్దు."

అడిగాను. డాక్టరు వద్దన్నాడు. నా జబ్బున్నవాళ్ళు శక్తి పెంచుతాయని చెప్పే మూలికలతో మరింత జాగ్రత్తగా ఉండాలనీ, వారపు గోలీ ఇప్పటికే కాలేయానికి బరువనీ, దానికి ఇంకో బరువు కలిపితే రక్తపరీక్షలో ఏది ఏం చేసిందో తెలియదనీ చెప్పాడు. వావిలాకు కాపడానికి మాత్రం నవ్వి, "పెట్టుకో, చర్మం కాలకుండ చూసుకో" అన్నాడు.

అప్పటి నుంచి అవ్వ పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా నేను ఆపా దుకాణంలో కూర్చునేదాన్ని. జనం దస్తీలు విప్పేవారు, నేను గోలీల పేర్లు చదివేదాన్ని. "చదువుడు నీది, అడుగుడు నాది" అనేది ఆపా. బీపీ గోలీలు వేసుకుంటూ నిమ్మకాయంత కల్లుప్పు రోజూ మింగుతున్న రైతు ఒకాయన, గర్భవతి అని చెప్పకుండా విరేచనానికి సునాముఖి అడిగిన ఆమె, ఇట్లా ఎవరెవరో. ఆపా కోపిష్టి. పక్క దుకాణంవాడితో ప్రతిరోజూ తగువే. రేడియోలో పాట వస్తుంటే ఎవరు మాట్లాడినా చెయ్యి ఎత్తి ఆపేది. కొన్నిసార్లు తప్పు కూడా చెప్పేది. ఒకసారి ఒకామెకు దగ్గుకు పిప్పళ్ళు ఇచ్చి, రెండు వీధులు దాటిపోయాక ఏదో గుర్తొచ్చి, ఆ భారీ ఒంటితో వెంటపడి పొట్లం లాక్కుని వచ్చింది. రొప్పుతూ కూర్చుని, "సిగ్గువడితె సచ్చేది ఆమె, నేను గాదు" అంది.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోల్లోనే ఆగిపోయాయి. బళ్ళు, సర్కారు కచేరీలు మూతపడ్డాయి. మా గ్రంథాలయం ముందు టెంటు వేశారు. రోజూ అక్కడ ఎవరో ఒకరు మాట్లాడేవారు. మా నీళ్ళు, మా కొలువులు, మా అడవులు, మా బొగ్గు, మా బయ్యారం ఇనుము. వింటుంటే గుండె మిషను మీద సూదిలా కొట్టుకునేది. జెండాలు, కండువాలు కుట్టే పని నాకు వచ్చింది. రావడమేమిటి, నేనే వెళ్ళి అడిగాను. జీవితంలో ఒక్కసారి వచ్చే పని అది. కానీ నా వేళ్ళు మొరాయించాయి. గుడ్డ కత్తిరించేసరికే మధ్యాహ్నం అయ్యేది. పైగా తెల్ల గోలీలు అయిపోవస్తున్నాయి. ఆ గోలీ జనగామలో వెదికిన చోటల్లా అయిపోయిందన్నారు. వరంగల్ వెళ్దామంటే బస్సు లేదు. రాత్రి నిద్ర పట్టేది కాదు, పగలు కాలు నిలిచేది కాదు.

అప్పుడు కొమురయ్య మామ వచ్చాడు. అవ్వకు తమ్ముడు, నాకు మేనమామ. భూపాలపల్లి దారిలో ఉన్న ములుగు ఘనపూర్‌లో ఇల్లరికం ఉండి వ్యవసాయం చేసేవాడు. మోటారుసైకిలు మీద వచ్చి, జేబులోంచి గోధుమరంగు పొడి పొట్లం తీశాడు.

"కోడలా, గిది మన అడవి మందు. మోకాళ్ళు పట్టి మూలకు పడ్డోన్ని నేను, ఇయ్యాల నాగలి పడుతున్న, చూడు. ఎన్నో నెలలసంది తింటున్న. ఇంగ్లీషు గోలీలు బంద్ వెట్టాలె, గప్పుడే పని జేస్తది. మన రాష్ట్రం మనకు గావాలంటవ్, మందు మాత్రం బయటోనిది గావాల్నా?"

ఆ మాట నన్ను పట్టుకుంది. వేరే కాలంలో అయితే నవ్వి ఊరుకునేదాన్నేమో. ఆ రోజుల్లో మనది అన్న మాటకు ఎదురు చెప్పడం ద్రోహంలా ఉండేది. తేనెలో కలిపి తిన్నాను. ఎందుకైనా మంచిదని తెల్ల గోలీ కూడా ఆపకుండా వేసుకున్నాను. ఇది మామకు చెప్పలేదు. మరునాడు లేచేసరికి పిడికిలి బిగిసింది, తెరుచుకుంది. మళ్ళీ బిగించి చూశాను. ఏడుపొచ్చింది. ఆ రోజూ, మరునాడూ మిషను ఆపలేదు. తొర్రూరులో రోడ్డు మీద వంటావార్పు పెడుతున్నారని, అక్కడికి కావలసిన జెండాలన్నీ నేనే కుట్టాను. పనిలో పనిగా ఆపాకు నా చేతులు చూపించాలనిపించింది. నిజం చెప్పాలంటే, ఆమె మీద గెలవాలనిపించింది.

మామ బండి మీద వెనక జెండాల మూటతో కూర్చున్నాను. దారిలో ప్రతి ఊరి ముందూ రాస్తారోకో. రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండ్లు, మొద్దులు. "ఎటు వోతుండ్రు, వాపస్ పోండ్రి" అని కర్రలు పట్టుకుని వచ్చేవారు. నేను మూట విప్పి చూపించగానే "అరె, మనోళ్ళేరా, ఇడువుండ్రి" అని మొద్దు జరిపేవారు. మామ ఛాతీ ఉబ్బించుకుని, ప్రతిచోటా నా చేతుల కథ చెప్పి, పొడి పేరు కూడా చెప్పాడు.

తొర్రూరు చౌరస్తాలో రోడ్డు నడుమ పొయ్యిలు వెలుగుతున్నాయి. పెద్ద గిన్నెల్లో అన్నం, పప్పు. ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని కూరగాయలు తరుగుతున్నారు. అందులో ఖైరున్ ఆపా ఉల్లిగడ్డలు కోస్తూ, పొగకు కళ్ళు తుడుచుకుంటూ ఉంది. నేను ఎదురుగా కూర్చుని పది వేళ్ళూ ఆమె ముందు ఆడించాను.

ఆమె ముఖం వెలగలేదు. "ఏం తిన్నవ్?" అంది. "దస్తీ విప్పు."

తారురోడ్డు మీదనే దస్తీ విప్పాను. మిగిలిన కొద్ది గోలీలు, పొడి పొట్లం. ఆమె పొడిని వేళ్ళ మధ్య రాసి వాసన చూసింది.

"ఎన్నొద్దులకు నొప్పి పోయింది?"

"తెల్లారేసరికె పోయింది ఆపా! చేతితోని తీసేసినట్టు!"

"చెట్టు మందు గంత ఉరికి పని జెయ్యది బేటీ. ఇండ్ల చెట్టు గాక ఇంకేదో ఉన్నట్టున్నది. ఏందో నాకు తెల్వది."

"మీకేది తెల్వది గద!" అని అరిచాను. చుట్టూ కత్తిపీటలు ఆగిపోయాయి. "రెండు దినాలు కుట్టిన నేను. గీ జెండాలన్ని నేనే కుట్టిన. గిది మన అడవి మందు, మన తెలంగాణది."

ఆపా మూటలోంచి ఒక జెండా తీసి అంచు మీద వేలు నడిపింది. "కుట్టు మంచిగున్నది," అంది మెల్లగా. తర్వాత కత్తి పక్కన పెట్టింది. "తెలంగాణ మనకు రావాలె బేటీ. నేను గూడ గందుకే ఈ పొగల కూసున్న. గని తెలంగాణల మొలిచిందల్లా మందు గాదు."

మామ ముందుకు వచ్చాడు. "ఆపా, నన్ను చూడరాదు. నేను బతికి లేనా? ఒళ్ళు ఎట్ల తేరిందో చూడు."

ఆమె మామను చూసింది. నేను కూడా అప్పుడే సరిగ్గా చూశాను. ముఖం గుండ్రంగా ఉబ్బి ఉంది, చేతులు మాత్రం సన్నబడ్డాయి. వచ్చినప్పటి నుంచి చెంబుల కొద్దీ నీళ్ళు తాగుతున్నాడు. దారిలో బండి ఎన్నిసార్లు పక్కకు ఆపాడో అప్పుడు గుర్తొచ్చింది.

"నీకు షుగర్ ఉన్నదా అన్నా?" అంది ఆపా.

"ఉండె. ఈ మందు దాన్ని గూడ కడ్గేస్తదన్నరు. ఆ గోలీలు గూడ బంద్ వెట్టిన."

ఆపా లేచింది. ఉల్లిగడ్డల చేతులు చీరకే తుడుచుకుని, మామ మోచెయ్యి పట్టుకుంది. "నడువు." సర్కారు దవాఖాన ముందు డాక్టరు నల్ల బ్యాడ్జీ పెట్టుకుని టెంటు కింద కూర్చున్నాడు. సమ్మెలో ఉంటూనే, ప్రాణం మీదికి వచ్చినవాళ్ళను అక్కడే చూస్తున్నాడు. మామ గింజుకుంటుంటే ఆపా భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది. డాక్టరు వేలు గుచ్చి మీటరు చూశాడు. నమ్మలేనట్టు ఇంకో వేలు గుచ్చాడు. లేచి నిలబడి లోపలికి కేకేసి మంచం సిద్ధం చెయ్యమన్నాడు.

"ఆ పొడి ఇక తినను సారూ," అన్నాడు మామ భయపడిపోయి.

"తినొద్దు. కాని ఇంటికి పోయి నీ అంతట నువ్వు ఊరుకుంటే కూడ ప్రమాదమే," అన్నాడు డాక్టరు. "అందులో స్టిరాయిడ్ కలిపి ఉంటే, నెలల తరబడి తిన్న ఒళ్ళు ఒక్కసారిగా తట్టుకోలేదు. నా కళ్ళ ముందు ఉండాలె." తర్వాత నా దస్తీ చూశాడు. రెండూ కలిపి తిన్నానంటే తల పట్టుకున్నాడు. లోపలికి వెళ్ళి, బస్సులు నడిచేదాకా సరిపడా తెల్ల గోలీలు వెతికి తెచ్చిపెట్టాడు.

మామ ఆ దవాఖానలో చాలా రోజులున్నాడు. మొదట్లో ఒక రోజంతా మనుషుల్ని గుర్తుపట్టలేదు. కబురు తెలిసి వచ్చిన అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని, ఇంత చదివీ తన తమ్ముణ్ణి ఆపలేదని నా వైపు చూసేది కాదు. ఆపా రోజూ వచ్చి అవ్వ పక్కన కూర్చునేది, మందు ఏమీ తెచ్చేది కాదు, తినడానికి సర్వపిండి తెచ్చేది. మామ తేరుకుని కళ్ళు తెరిచినప్పుడు మొదట అడిగింది, "జెండాలు ఎగిరినయా కోడలా?" అని. ఆ పొడిలో ఏముందో ఈనాటికీ నాకు తెలియదు. పరీక్షకు ఎవరూ పంపలేదు.

నా వేళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి. సమ్మె ఇంకా నడుస్తూనే ఉంది, జెండాలు వేరే దర్జీలు కుట్టారు. టెంటు కింద చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుని, గాలికి ఆడే ప్రతి జెండానూ నాదా కాదా అని చూసేదాన్ని. ఆపా మీద కోపం పూర్తిగా పోలేదు. ఒకరోజు అదే చెప్పాను, రెండు రోజుల చేతులు ఇచ్చి లాక్కున్నట్టుందని. ఆమె ఓదార్చలేదు. "కోపం చెయ్యి. గోలీ మాత్రం ఏసుకో," అంది. బస్సులు నడిచాక వరంగల్ డాక్టరు మందు మార్చాడు. మెల్లగా, నెలలు పట్టి, చేతులు కొంత తిరిగి వచ్చాయి. ఇప్పుడు నేను కుట్టే కుట్టు ఆ చేతులదే.

రాష్ట్రం వచ్చిన రోజు ఆపా అంగడి మొత్తానికీ మిఠాయి పంచింది. మామ ఘనపూర్ నుంచి వచ్చి చెయ్యి చాచాడు. "దస్తీ విప్పు," అంది ఆపా. మామ నిజంగానే విప్పాడు. షుగర్ గోలీలు. నిమ్మళంగా అవి చూసి, మిఠాయిలో చిన్న ముక్క తుంచి అతని నోట్లో పెట్టి, మిగతాది నాకిచ్చింది.

ఆఖరిసారి ఆమెను చూసింది మానుకోట అని మేం పిలిచే మహబూబాబాద్ దవాఖానలో. గుండె బలహీనమైంది. నర్సు సూది పట్టుకుని వచ్చేసరికి, ఆపా దిండు కింది నుంచి దస్తీ తీసి మంచం మీద పరిచింది. అందులో ఆమె ఇంట్లో చేసుకున్న లేహ్యం, కషాయం పొడి, అన్నీ ఉన్నాయి. "డాక్టర్ సాబ్‌కు చూపియ్యి. ఏది తినాల్నో, ఏది బంద్ వెట్టాల్నో అడుగు," అంది. నర్సు నవ్వుతూ, "ఇంత హకీముకు తెల్వదా అమ్మా?" అంది. "ఊరోళ్ళ సంగతే తెల్వదంటి, నా సంగతి నాకేం తెలుస్తది?" అంది ఆపా. కొద్ది రోజులకే పోయింది.

స్వప్న దగ్గర తీసుకున్న ఆ పసుపుపచ్చ ప్యాకెట్టుతో తొర్రూరు అంగడికి వెళ్ళాను. అమ్మేవాడిని ఇందులో ఏముందని అడిగాను. అది రహస్యమన్నాడు. నేనే సరోజనను అన్నాను. వాడు నా చేతుల వైపు చూసి, ఇంకో గిరాకీ వైపు తిరిగాడు. మందుల అధికారికి ఫిర్యాదు రాసి ఇచ్చాను. ఏమవుతుందో తెలియదు. వాడు ఇంకా అమ్ముతూనే ఉన్నాడు. ఈ రాత్రి కూడా ఎవరో ఒకరు తేనెలో కలుపుకుంటూ ఉంటారు. కుదురు ఎక్కడ నుంచి వస్తుంది?

స్వప్న ప్యాకెట్టు చూపించిన ఆ రోజు ఆమెకు జాకెట్టు కొలతలు తీయలేదు. గుడ్డలు కత్తిరించే బల్ల ఖాళీ చేసి, తెల్ల లైనింగు గుడ్డ పరిచి, దస్తీ విప్పమన్నాను. గోలీల పట్టీలు, పసుపు ప్యాకెట్టు, వాటితో పాటు ఎవరో ఇచ్చిన తిప్పతీగ పుల్ల కూడా ఒకటి. "పుల్ల మంచిదేనా అక్కా? నువ్వు గన్ని పుస్తకాలు చదివినవ్," అంది. "నీకు ఏమో నాకు తెల్వది. గోలీలు మాత్రం ఆపకు. పా, మీ డాక్టరును అడుగుదాం," అన్నాను. పట్టపగలు షట్టరు దించాను. దవాఖాన దారిలో ఆమె, "నొప్పి ఉంటది గద అక్కా గప్పటిదాక?" అంది. ఉంటదని చెప్పాను. వావిలాకు ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పాను.

ఇది రాయడానికి నాకు సాయపడ్డవాళ్ళున్నారు. తన షుగర్ సంగతి రాయమని ఒప్పుకున్న మా కొమురయ్య మామకు, అప్పుడు నా వైపు చూడకపోయినా ఇప్పుడు నేను రాస్తుంటే పక్కన కూర్చుని "గిది గట్ల గాదు, గిట్ల" అని దిద్దిన మా అవ్వ లచ్చమ్మకు, బయటికి ఇవ్వని పుస్తకం ఇచ్చి, తిరిగి తెచ్చేదాకా భయపడ్డ యాదగిరి సారుకు, పేరు రాయొద్దన్న తొర్రూరు డాక్టరుకు, దస్తీ విప్పిన స్వప్నకు నా కృతజ్ఞతలు. ఖైరున్ ఆపా పేరు చివర రాస్తున్నాను. ఆమె ఉంటే "నా పేరు ఎందుకు బేటీ, గోలీల పేర్లు రాసుకున్నవా?" అనేది. రాసుకున్నాను ఆపా. దస్తీలోనే ఉన్నాయి.